ఎసరు చప్పుడు

2021 ఆగస్టులో మా ఇంట్లో వరుసగా పదకొండు రోజులు పొద్దున ఉగ్గాని, రాత్రి ఉగ్గాని. కర్నూలు వాళ్లకు ఉగ్గాని ఎంత ఇష్టమైనా పదకొండు రోజులు ఎక్కువే. అత్తమ్మ మొదట నవ్వారు, తర్వాత బజ్జీలైనా మార్చమన్నారు, చివరికి మా ఆయనను పక్కకు పిలిచి "అమ్మాయికి ఏమైంది?" అని అడిగారు. నాకు బొరుగుల మీద మోజు పుట్టిందనుకున్నారు పాపం. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, తాలింపులో వేస్తే అయిపోతుంది. ఎసరు పెట్టనక్కర్లేదు. అదీ సంగతి.

ఎసరు మరిగే చప్పుడు నాకు పడడం లేదు. సరిగ్గా చెప్పాలంటే, ఆ చప్పుడు ఆగడం పడడం లేదు.

నేను స్టాఫ్ నర్సును. ఆక్సిజన్ పెట్టిన ప్రతి మంచం తలవైపు గోడకు ఒక చిన్న సీసా ఉంటుంది. అందులో డిస్టిల్డ్ వాటర్ పోస్తాం. లైనులో వచ్చే ఆక్సిజన్ ఆ నీటిలోంచి బుడగలుగా లేచి, తడి పట్టి రోగికి చేరుతుంది. లేకపోతే ముక్కు, గొంతు ఎండిపోతాయి. కొవిడ్ వార్డు నిండా రాత్రింబవళ్లు ఆ కుతకుతే. పిపిఇ కిట్‌లో కళ్లద్దాలకు ఆవిరి పట్టి మీటరులో అంకె కనబడనప్పుడు చెవులనే నమ్ముకునేవాళ్లం. బుడగలు వినిపిస్తుంటే ఆక్సిజన్ వస్తున్నట్టే.

2021 మేలో ఒక రాత్రి బుడగలు సన్నబడ్డాయి. ప్రెషరు పడిపోయింది. పది నిమిషాలు కూడా కాదు. ఆ మూలన రెండు మంచాలు, ఇద్దరికీ ఎక్కువ ఆక్సిజనే నడుస్తోంది. నాకు దొరికింది ఒకే సిలిండరు. దాని ట్రాలీకి ఒక చక్రం తిరగడం లేదు. ఈడ్చుకుంటూ తలుపు పక్క మంచానికి తగిలించాను. అది దగ్గరగా ఉంది, అంతకుమించి కారణం లేదు. రెండో మంచం ఒక పెద్దాయనది. నా గౌను మీద స్కెచ్ పెన్నుతో రాసుకున్న పేరు చదివి, రోజూ నన్ను పేరు పెట్టి పిలిచింది ఆయనొక్కరే. కాసేపటికి రెండో సిలిండరు వచ్చింది, ప్రెషరూ వచ్చింది. ఆయన మర్నాడు మధ్యాహ్నం పోయారు. ఊపిరితిత్తులు అప్పటికే పూర్తిగా దెబ్బతిన్నాయని, దానికీ ఆ పది నిమిషాలకూ సంబంధం లేదని డ్యూటీ డాక్టరు చెప్పారు. కేస్ షీటు నేనూ చూశాను, నిజమే. అయినా ట్రాలీని ఎటు తిప్పానో నా చేతులు మరచిపోలేదు.

విచిత్రమేమిటంటే, అప్పుడు నాకేమీ కాలేదు. తిన్నాను, నిద్రపోయాను, డ్యూటీ చేశాను. కొవిడ్ వార్డు ఖాళీ అయ్యాక, జూలైలో ఒక ఆదివారం, అన్నం ఉడికిందని స్టవ్ కట్టేశాను. కుతకుత ఆగింది. గుండె దడదడలాడింది, వేళ్లు చల్లబడ్డాయి. మళ్లీ వెలిగించేదాకా ఊపిరాడలేదు. ఆ రోజు అన్నం అడుగంటింది.

ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ నార్మల్. ప్రతి రిపోర్టూ నన్ను అబద్ధాలకోరును చేసినట్టే ఉండేది. రాత్రి ఆక్సీమీటరు వేలికి పెట్టుకుని 98 చూసి పడుకునేదాన్ని, పది నిమిషాలకు లేచి మళ్లీ చూసేదాన్ని. తోటి నర్సు గ్యాస్ అంది. ఇన్‌చార్జి సిస్టర్ బర్నౌట్, అంటే పని ఒత్తిడికి అలసిపోవడం అన్నారు, సెలవు పెట్టించారు. ఇంట్లో ఉంటే వంటగది ఇంకా దగ్గర.

కర్నూలులో సైకియాట్రిస్టుకు చూపించుకోవాలంటే సిగ్గు. ఓపీ చీటీ రాసే మనిషి నుంచి మందులిచ్చే మనిషి దాకా అందరూ తెలిసినవాళ్లే. ఇందులో సిగ్గేముందని రోగులకు నేనే ఎన్నిసార్లు చెప్పానో. డోన్, గుత్తి మీదుగా 150 కిలోమీటర్లు పోయి అనంతపురంలో చూపించుకున్నాను. మనసు బాగోలేనప్పుడు ఫోనులో మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైను టెలీ మానస్, అదే 14416, అప్పటికింకా లేదు, 2022 అక్టోబరులో వచ్చింది. ఉంటే బస్సు ఛార్జీలు మిగిలేవేమో.

డాక్టరుగారు పి.టి.ఎస్.డి. అన్నారు, అంటే తీవ్రమైన భయం గడిచిపోయినా మనసును వదలని జబ్బు. ముప్పు నడుస్తున్నంతసేపూ పని చేయించిన భయం, తీరిక దొరికాక బయటపడడం వింతేమీ కాదన్నారు. సెర్ట్రలిన్ రాశారు. మొదటి వారమంతా వికారం. ఐదో రోజు ఫోను చేసి, పనిచేయడం లేదు, మానేస్తానన్నాను. "మీ రోగి ఐదో రోజు ఇలా అంటే మీరేం చెబుతారమ్మా?" అని అడిగారు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని చెబుతాను, ఇంకేం చెబుతాను.

మందుతో పాటు ఒక పని కూడా పెట్టారు. గ్లాసెడు నీళ్లు మరిగించి స్టవ్ కట్టేయాలి. మళ్లీ వెలిగించకూడదు. అక్కడే నిలబడి, నా భయం వందలో ఎంత ఉందో రాయాలి. మొదటి రోజు 90. అది 50కి దిగడానికి నలభై నిమిషాలు పట్టింది. అత్తమ్మ వంటగది గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని "ఇప్పుడెంత?" అని అడిగేవారు. ఆమెకు అంకెలు మాత్రమే వచ్చు. క్యాలెండరు మీద పాల లెక్క పక్కనే నా భయం లెక్క వేసేవారు. నవంబరు పేజీలో ఒకచోట పాలు 2, భయం 30.

పెద్దాయన సంగతి మూడోసారి వెళ్లినప్పుడు గానీ నోట రాలేదు. నేను సమాధానం ఆశించింది, ఆ మంచానికే ఎందుకు తగిలించానన్న దానికి. డాక్టరుగారు అంతా విని, "అక్కడ సిలిండరు ఒకటే ఎందుకుందమ్మా?" అన్నారు. మూడు నెలల నుంచి నన్ను నేను అడగని ప్రశ్న లేదనుకున్నాను. ఇదొక్కటీ అడగలేదు.

2022 జనవరిలో మూడో వేవ్ వచ్చింది. పగలు డ్యూటీ అడిగి తీసుకున్నాను. మాత్రలు ఏడాది పైన వాడి, డాక్టరుగారు చెప్పినట్టే మెల్లగా తగ్గించి మానేశాను. సీసాలో నీళ్లు మార్చేటప్పుడు చెయ్యి ఇప్పటికీ ఒక్కోసారి ఆగుతుంది. ఆగనిస్తాను.

ఆ ట్రాలీ ఇంకా మా వార్డులోనే ఉంది. చక్రం సంగతి రిజిస్టరులో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. మూడోసారి రాశాక మార్చారు.