అ ఆ ఇ ఈ గ్లాసులు

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌లో దిగిన మొదటి వారంలోనే నా నోటికి రెండు దిద్దుబాట్లు జరిగాయి. ఊరి పేరును ఇక్కడివాళ్ళు నోట్లో ముద్ద ఉండగా పలికినట్టు ‘లూవుల్’ అంటారు. ఇక ఇక్కడి మద్యాన్ని ఉత్త విస్కీ అంటే ఊరుకోరు, బర్బన్ అనాలి. కెంటకీలో మనుషుల కంటే బర్బన్ పీపాలే ఎక్కువని మా మేనేజరు చెబితే కొత్తవాణ్ణి ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. నిజమేనని తరవాత తెలిసింది. రాష్ట్ర జనాభా 45 లక్షలు, గోదాముల్లో నిలవున్న పీపాలు కోటికి పైమాటే.

నేను పుట్టింది నెల్లూరు జిల్లాలో, దూబగుంటకు ఎడ్లబండి దూరంలో ఉన్న పల్లెలో. ఆ పేరు తెలిసినవాళ్ళకు నా ఇబ్బంది వెంటనే అర్థమవుతుంది. 1992లో సారా వద్దని ఆడవాళ్ళు రోడ్డెక్కిన చోటు అది. మా అమ్మ అప్పుడు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతోంది. సారాకొట్టు మూయించిన ఆడవాళ్ళ పాఠం చదివి, పలక పక్కన పెట్టి, చీపుళ్ళు పట్టుకుని బయల్దేరినవాళ్ళలో అమ్మ కూడా ఉంది. మా బాబాయి వాటా పొలం అప్పటికే సారాకొట్టు పాలైంది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ రెండోదాన్ని ప్రభుత్వం 1997లో సడలించింది. అమ్మ మాత్రం సడలించలేదు.

అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి బర్బన్ రుచులు పోల్చి చూసే బృందంలో చేరడానికి కారణం నా ఉద్యోగమే. విమానాశ్రయం పక్కన రాత్రంతా పార్సెళ్ళు విడదీసే కేంద్రంలో నాది కంప్యూటర్ పని. ఏ పెట్టె ఏ బెల్టు మీదికి మళ్ళాలో చెప్పే ప్రోగ్రాములు చూసుకుంటాను. ఊరు పడుకున్నాక లేచి, పిల్లలు బడికి వెళ్ళే వేళకు పడుకునేవాడికి స్నేహితులు ఎక్కడ దొరుకుతారు? పక్క బెల్టు దగ్గరే. ముప్ఫై ఏళ్ళుగా ఆ బెల్టులు బాగుచేస్తున్న పెద్దాయన ఒకరు నెలకో శనివారం తన గరాజులో నలుగురైదుగురిని కూర్చోబెట్టి, తలా నాలుగు గ్లాసులు ముందు పెట్టేవారు. గ్లాసుకు పదిహేను మిల్లీలీటర్లు, అంతకు మించి పోసేవారు కాదు. పిలిస్తే వెళ్ళాను. వేసవిలో ఇక్కడ శనివారం రాత్రి తొమ్మిదైతే నెల్లూరులో ఆదివారం ఉదయం ఆరున్నర. అమ్మ కాఫీ తాగుతూ ఫోను చేసే సమయం. “ఎక్కడున్నావు నాయనా?” అంటే “పనిచేసేవాళ్ళతో ఉన్నానమ్మా” అనేవాణ్ణి. అబద్ధమైతే కాదు.

మొదటి ఏడాది నాకు రుచి కంటే మాటలే పెద్ద సమస్య అయ్యాయి. ఒక గుక్క తీసుకోగానే ఒకరు వెనిల్లా అనేవారు, మరొకరు కారమెల్, ఇంకొకరు కాల్చిన మార్ష్‌మెలో, అంటే దూదిలాంటి చక్కెర మిఠాయి. నేను తల ఊపేవాణ్ణి. మార్ష్‌మెలో ముక్క నా నోట్లో పడేసరికి నాకు ముప్ఫై రెండేళ్ళు. నాకు నిజంగా తోచింది పొయ్యి మీద కాస్త ముదిరిన బెల్లం పాకం, ఆ వెనక ఎండుకొబ్బరి, అన్నిటికంటే చివర పంటినొప్పికి అమ్మ దవడలో పెట్టిన లవంగం. ఆ మాటలు ఇంగ్లీషులో చెబితే నవ్వుతారేమోనని మింగేసేవాణ్ణి. ఆఫీసు సమావేశాల్లో కూడా నా పద్ధతి అదే లెండి.

తరవాత్తరవాత చదివితే తెలిసింది, నేను మింగినవన్నీ ఆ చెక్కలోనే ఉన్నాయని. బర్బన్ అనిపించుకోవాలంటే అమెరికాలో తయారవ్వాలి, ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో ఉంచాలి. పీపాలోకి ఆల్కహాలు 62.5 శాతం కంటే ఘాటుగా పోయకూడదు, సీసాలోకి 40 శాతం కంటే పలచగా దించకూడదు. రంగు గానీ వాసన గానీ కలపడానికి వీల్లేదు. (కెంటకీలోనే చేయాలన్న నియమం చట్టంలో లేదు. ఈ మాట ఇక్కడ గట్టిగా అనకూడదు.) అంటే ఆ ఎరుపంతా, ఆ పరిమళంలో చాలా భాగం కాలిన ఓక్ చెక్క ఇచ్చినవే. లవంగానికి వాసననిచ్చే యూజెనాల్ ఓక్‌లో ఉంది. కొబ్బరి వాసన తెచ్చే లాక్టోన్లు ఉన్నాయి. కాల్చినప్పుడు చెక్కలోని చక్కెరలు పాకంలా ముదురుతాయి. వాళ్ళ కారమెల్, నా బెల్లం పాకం ఒక్క పీపాలోంచే వచ్చాయి.

నేను చేరిన మూడో ఏడాదికి బృందం నీరసపడింది. కారణం డబ్బు అనుకుంటారు. డబ్బు సగమే. అసలు గొడవ వేటతో మొదలైంది. దుకాణానికి అరుదైన సీసాలు వచ్చే రోజున తెల్లవారుజామునే వరసలో నిలబడడం, దొరికినదాన్ని ముట్టుకోకుండా ఫొటో తీయడం. బ్లాంటన్స్ సీసా మూత మీద గుర్రం, రౌతు బొమ్మ ఉంటాయి. ఎనిమిది మూతల మీద ఎనిమిది అక్షరాలు, అన్నీ కూడితే ఆ పేరు. అందులో ‘ఎన్’ రెండుసార్లు వస్తుంది, రెండూ ఒకటి కావు, చిన్న చుక్కల తేడా ఉంది. మా వాడొకడు ఏడాది పొడుగునా రెండో ‘ఎన్’ కోసం తిరిగాడు. శనివారాల్లో మాట్లాడుకునేది దొరకడం గురించే, తాగినదాని గురించి కాదు. పైగా పెద్దాయన ఏమంటే అందరం అదే. ఆయన మంచివారు కాబట్టి ఎదురు చెప్పాలని ఎవరికీ అనిపించేది కాదు. అదే ఏడాది మాలో ఇద్దరికి ఉద్యోగాలు పోయాయి. తరవాతి నెల వాళ్ళు రాలేదు. ఖాళీ చేతులతో రావడం ఇష్టంలేక మానేశారని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

అప్పుడు ఆఫీసు అలవాటు ఒకటి పనికొచ్చింది. ఒక ప్రోగ్రాముకు ఎన్ని రోజులు పడుతుందో అంచనా వేసేటప్పుడు మేమందరం మా అంకెల చీటీలను బోర్లించి పెట్టి ఒకేసారి తిప్పుతాం. మేనేజరు ముందు నోరు విప్పితే మిగిలిన అంకెలన్నీ ఆయన అంకె చుట్టూనే మూగుతాయి కాబట్టి ఆ ఏర్పాటు. దాన్నే గరాజులోకి తెద్దామని అడిగాను. అన్నాళ్ళలో నేను నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అదే కాబోలు, పెద్దాయన కాదనలేదు. సీసాలు కనిపించకూడదు. ముందు రాయాలి, తరవాతే మాట్లాడాలి. సీసా ఖరీదు ముప్ఫై అయిదు డాలర్లు దాటకూడదు. ఈ చివరి షరతు పెట్టాక, మానేసిన ఇద్దరిలో ఒకరు తిరిగి వచ్చారు.

పోసే మనిషి తాగనివారైతే మేలు, పక్షపాతం ఉండదు. ఆ పని నా భార్య తీసుకుంది. తనకు ఆ వాసనే గిట్టదు. ముక్కు చిట్లించుకుంటూ మందుల షాపులో కొలిచినట్టు పోసేది.

మొదటి రాత్రే గరాజు గొడవగొడవ అయింది. పెద్దాయన ఎంతో భద్రంగా దాచుకున్న సీసా, షరతు నుంచి మినహాయింపు పొంది మరీ వచ్చింది, నలుగురి చీటీల్లో ఆఖరున నిలిచింది. ఆయన చీటీలో కూడా. ఆయన కాసేపు గ్లాసు వంక చూసి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

ఆ తరవాత నెలకో ప్రశ్న పెట్టుకున్నాం. ఒక నెల రై ధాన్యానికి, గోధుమకు పోటీ. మేకర్స్ మార్క్ అనే బర్బన్‌లో 70 పాళ్ళు మొక్కజొన్న, 16 గోధుమ, 14 మాల్టు బార్లీ. రై ఉండదు, అందుకే గొంతులో మెత్తగా దిగుతుంది. ఒక నెల ఫోర్ రోజెస్. వాళ్ళు రెండు ధాన్యపు పాళ్ళను, అయిదు రకాల ఈస్టును కలిపి పది రకాలు తయారుచేస్తారు. పాళ్ళు ఒకటే, ఈస్టు మాత్రం మారిన రెండింటిని పక్కపక్కన పెడితే ఒకదాంట్లో పండు, ఇంకోదాంట్లో మిరియం. ఇంకో నెల 1897 చట్టం ప్రకారం నింపిన సీసాలు: ఒకే బట్టీ, ఒకే కాలం, ప్రభుత్వ నిఘాలోని గోదాములో కనీసం నాలుగేళ్ళు, సరిగ్గా 50 శాతం. కల్తీ సరుకు జనాన్ని చంపుతున్న రోజుల్లో వచ్చిన చట్టమది. నాటుసారా మరణాల వార్తలు చదువుతూ పెరిగిన నాకు ఆ చట్టం మీద ప్రత్యేకమైన గౌరవం. ఒక నెల మాత్రం ఘోరంగా విఫలమయ్యాం. మా ఇంటి నుంచి కారపు జంతికలు పట్టుకెళ్ళాను. పళ్ళెం ఖాళీ అయింది. ఆ తరవాత ఏ గ్లాసులో ఏముందో ఒక్కరికీ తెలియలేదు.

ఋతువుకొక కొత్త మనిషిని పిలవాలన్నది ఫోర్క్‌లిఫ్టు నడిపే బోస్నియా ఆవిడ వచ్చాక పెట్టుకున్న నియమం. ఈ ఊళ్ళో బోస్నియా వాళ్ళు చాలామంది, యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు. మేమందరం ఎండు చెర్రీ అని రాసిన గ్లాసుకు ఆవిడ తాతగారి పెరట్లో రాలి పులిసిన ప్లమ్‌లు, అంటే ఆల్‌బుకరా పండ్లు, అని రాసింది. ఇంకోసారి క్యూబా కుర్రాడు చెరుకు గానుగ పక్కన తడిసిన గోనెసంచి అన్నాడు. అప్పుడు నాకూ ధైర్యం వచ్చి బెల్లం పాకం, కొబ్బరి, లవంగం అని రాసి పైకి చదివాను. ఎవరూ నవ్వలేదు. లవంగం అన్న మాటకు పెద్దాయన మళ్ళీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, “ముప్ఫై ఏళ్ళుగా దీన్ని దాల్చినచెక్క అంటున్నాను” అన్నారు.

నీకు ఇష్టమైన బర్బన్ ఏదని అడిగితే అంతకుముందు తడుముకోకుండా మేకర్స్ మార్క్ అనేవాణ్ణి. ఎర్ర మైనం ముద్ర అందంగా ఉంటుంది, పైగా ఇక్కడ నాకెవరైనా ఇచ్చిన మొదటి బహుమతి అదే. ఏడాది చీటీలు ఒకచోట పేర్చి చూసుకుంటే సంగతి వేరుగా ఉంది. వైల్డ్ టర్కీ 101 అయిదుసార్లు వస్తే నాలుగుసార్లు దానికే మొదటి స్థానం ఇచ్చాను, ఒక్కసారీ గుర్తుపట్టలేదు. అది 50.5 శాతం. ఆ పీపాల లోపలి చెక్కను మొసలి చర్మంలా పగుళ్ళు తేలేదాకా కాలుస్తారు. దుకాణంలో ఎప్పుడూ దొరుకుతుంది, వరసలో నిలబడనక్కరలేదు. అందుకే దాన్ని ఇష్టమని చెప్పుకోవడానికి ఇన్నాళ్ళూ నాకు తోచలేదు.

పోయిన ఏడాది అమ్మ ఆరు నెలలు ఉండడానికి వచ్చింది. ఇక దాచడం కుదరదు కాబట్టి చెప్పేశాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, “అది తయారుచేసే చోటు చూపించు” అంది. బార్డ్స్‌టౌన్ తీసుకెళ్ళాను. కారు దిగగానే ఉడికిన ధాన్యం పులుస్తున్న వాసన. “ఊట” అంది అమ్మ, ఆగి. ఏడంతస్తుల గోదాముల గోడలు, చుట్టూ చెట్ల బోదెలు మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. “ఇక్కడేమైనా కాలిందా?” అని అడిగింది. పీపాల్లోంచి ఏటా కొంత ఆవిరైపోతుందని, దాన్ని దేవదూతల వాటా అంటారని, ఆ ఆవిరి తగిలిన చోటల్లా ఒక రకం నల్లని బూజు పెరుగుతుందని చెప్పాను.

“ఆవిరికే ఊరు ఇంత నల్లబడిందా!” అంది.

ఆ నెల కూర్చోవడం మా ఇంట్లోనే. అమ్మ తన గదిలో ఉంటుందనుకున్నాను. వంటగది గుమ్మంలో నిలబడి కోడలు కొలిచి పోయడం చూసింది. “ఇంతేనా?” అంది. ఇంతే అన్నాను. “దీనికి ఎంతవుతుంది, జీతంలో?” చెప్పాను. మనసులో రూపాయల్లోకి మార్చుకుని కాసేపు ఊరుకుంది. “సీసా అమ్మాయి చేతిలో ఉంది కదా, ఉండనీ.”

గ్లాసుల కింద ఒకటి, రెండు అని అంకెలు అంటిస్తే మొదటి అంకె గ్లాసుకే అందరూ మొగ్గు చూపుతున్నారని అప్పటికి మాకు అనుమానం. ఎవరికీ చదవరాని గుర్తులు కావాలి. కాగితపు ముక్కలు అమ్మ ముందు పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని, రాత్రిబడిలో దిద్దినట్టు గుండ్రంగా, నెమ్మదిగా అ, ఆ, ఇ, ఈ రాసింది. ఆ రాత్రి బోస్నియా ఆవిడ ‘ఇ’ బాగుందంది. పెద్దాయన ‘ఈ’ అన్నారు. వాళ్ళకు ఆ అక్షరాలను వేలితో గాలిలో గీసి చూపించడం తప్ప వేరే దారి లేదు.

పొద్దున నేను లేచేసరికి అమ్మ సింకు దగ్గర గ్లాసులు కడుగుతోంది. ఖాళీ గ్లాసులో రాత్రంతా నిలిచిన వాసనే అసలైనదని మా పెద్దాయన అంటుంటారు. అమ్మ ఒక గ్లాసు కడగబోతూ ఆగి, వాసన చూసి, మొహం పక్కకు తిప్పుకుని, మళ్ళీ చూసింది.

“కొత్త బీరువాలో బెల్లం దాచినట్టుంది” అని కుళాయి తిప్పింది.

నేను వెళ్ళి ఆ మాట నా చీటీ వెనక రాసుకున్నాను. ఏ గ్లాసో అడుగుదామని వచ్చేసరికి నాలుగూ కడిగి బోర్లించి ఉన్నాయి. అక్షరాలు నీళ్ళలో కలిసిపోయాయి.