తుప్పు వదిలించబోతే యాసిడ్ ఆవిరి పట్టేసింది
మొన్న తుప్పు పట్టిన పాత వైస్‌ను (వస్తువును కదలకుండా బిగించి పట్టే ఇనుప పనిముట్టు) హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో నానబెట్టాను. కళ్లద్దాలు, గ్లవ్స్ పెట్టుకున్నాను గానీ గది తలుపు మూసే ఉంది, సీసా మూత తీయగానే వచ్చిన ఆవిరికి గొంతు పట్టేసి, దగ్గు ఆగక బయటికి పరుగెత్తాను. చాలాసేపు టెన్షన్ తగ్గలేదు.

ముందు నీళ్లు పోసి అందులోకి యాసిడ్‌ను కొద్దికొద్దిగా వంచాలి, తిరగేసి చేస్తే ఒక్కసారిగా వేడెక్కి మొహం మీదికి చిమ్ముతుంది. అది తెలుసు, అలాగే చేశాను. తెలియనిది ఆవిరి సంగతే. పక్కన గోడకు వేలాడదీసిన స్పానర్లు, ఒక్క చుక్క కూడా తగలకుండానే, తెల్లారేసరికి తుప్పెక్కాయి! యాసిడ్ ఇనుముతో కలిస్తే హైడ్రోజన్ అనే మండే వాయువు కూడా పుడుతుంది, కాబట్టి దగ్గర్లో మంట వద్దు, డబ్బాకు మూత బిగించవద్దు. బ్లీచ్ అయితే ఆ దరిదాపుల్లోనే ఉండకూడదు, రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్.

వైస్‌ను యాసిడ్‌లోంచి తీశాక బాగా కడిగి, వంటసోడా నీళ్లలో ముంచి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడగండి, తర్వాత తప్పకుండా డాక్టర్‌కు చూపించండి.

చిన్న సామాన్లకు ఇకపై నాకు సిట్రిక్ యాసిడ్ చాలు, ఒక రాత్రి ఎక్కువ పట్టినా ఫర్వాలేదు.