యాభై నిమిషాల ఐసు

ఆడపిల్లల ఐస్ హాకీని హైస్కూల్ ఆటగా గుర్తించిన మొదటి అమెరికా రాష్ట్రం మిన్నెసోటా. అది 1994లో. ఆ మరుసటి ఏడాదే మొదటి రాష్ట్ర టోర్నమెంట్ జరిగింది. అయినా ఇప్పటికీ అక్కడ కొత్త జట్టు మొదలుపెట్టే కోచ్‌కి ముందు తగిలే చిక్కు ఐసు దొరకడమే. రింకుని, అంటే ఐసు పరిచిన ఆటస్థలాన్ని, గంట లెక్కన అద్దెకిస్తారు. ఐసు నునుపు చేసే బండి తిరగడానికి పది నిమిషాలు పోగా చేతికొచ్చేది యాభై. సాయంత్రాల మంచి వేళల్ని పాత జట్లు ముందే పట్టేసుకుంటాయి కాబట్టి, చలికాలపు ఐసుని వేసవిలోనే రాయించుకోవాలి.

తర్వాతది తలల లెక్క. తొమ్మిదిమంది ఫార్వర్డ్‌లు, ఆరుగురు డిఫెన్స్, గోల్ కాసే ఇద్దరు గోలీలు ఉంటే సీజన్ హాయిగా గడుస్తుంది. పన్నెండుకి దిగితే ఇద్దరికి జ్వరమొచ్చిన రోజు మ్యాచ్ ఆడటం కష్టమవుతుంది. మిన్నెసోటాలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలూ హైస్కూల్ జట్టుకి ఆడొచ్చు. అప్పటికీ సరిపోకపోతే పక్క స్కూలుతో కలిసి ఉమ్మడి జట్టు పెట్టుకోవచ్చు.

ఇక స్కేట్లు. ఎక్కువ ఐసు సమయం వృథా అయ్యేది ఇక్కడే. మన ఇళ్ళలో యూనిఫాం కొన్నట్టే, "పెరిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దది తీసుకుందాం" అంటారు. స్కేట్ల విషయంలో ఆ లెక్క తల్లకిందులు: మామూలు బూటు కంటే సైజు, సైజున్నర చిన్నవి కావాలి. కాలు దూర్చి, మడమని నేలకి తట్టి వెనక్కి నొక్కాక లేసులు కట్టాలి. నిలబడితే వేళ్ళ కొసలు స్కేటు లోపలి ముందు భాగాన్ని తాకీ తాకనట్టుండాలి. మోకాళ్ళు వంచితే వేళ్ళు కాస్త వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. వదులుగా ఉంటే చీలమండలు లోపలికి వాలిపోతాయి. చాలామంది కోచ్‌లు దాన్ని "కాళ్ళలో బలం లేదు" అనుకుంటారు. ముందు చూడాల్సింది స్కేటు సైజు.

ఇంకో సంగతి. కొత్త స్కేట్లు చాలావరకు సానపట్టకుండానే పెట్టెలో వస్తాయి. బ్లేడు అడుగున పొడవునా ఒక గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు ఉండాలి. ఐసుని పట్టేవి ఆ అంచులే. సాధారణంగా అరంగుళం వ్యాసార్ధంతో గాడి తీస్తారు. బరువు తక్కువ పిల్లలకి పట్టు చాలకపోతే అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులకి మారిస్తే గాడి లోతవుతుంది. సానపట్టని స్కేట్లతో దిగిన పిల్ల తొలిరోజంతా పడుతూనే ఉంటుంది, తప్పు తనదేననుకుంటుంది. రెండోసారి రాకపోవచ్చు. అందుకే మొదటి ప్రాక్టీసుకి వారం ముందే ప్రతి జతనీ కోచ్ తన గోటి మీద ఆనించి చూడాలి: సన్నటి పొట్టు గీరుకొస్తే అంచు ఉన్నట్టు.

పిల్ల స్కేట్ల మీద నిలబడినప్పుడు హాకీ కర్ర గడ్డం దాకా వస్తే చాలు. కర్ర ఎంత బిరుసో చెప్పే ఫ్లెక్స్ అంకె దాని మీద ఉంటుంది, అది పిల్ల బరువు పౌండ్లలో సగానికి దగ్గరగా ఉండాలి. అన్నయ్య వాడిన 85 ఫ్లెక్స్ కర్ర వంద పౌండ్ల అమ్మాయి చేతిలో వంగదు, పుక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ) లేవదు.

హెల్మెట్ కనుబొమలకి ఒక వేలు పైన కూర్చోవాలి. నడినెత్తిన కొప్పు ఉంటే కూర్చోదు. జడ మెడ దగ్గర నుంచి అల్లి జెర్సీ లోపలికి దోపాలి. 2023 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మ్యాచ్ ఆడుతూ, స్కేటు బ్లేడు తగిలి మెడ తెగి ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడు చనిపోయాడు. ఆయన మిన్నెసోటాలోని హిబ్బింగ్ ఊరివాడు. అమెరికాలో ఆటని నడిపే సంస్థ యూఎస్‌ఏ హాకీ 2024 ఆగస్టు నుంచి పిల్లలకి మెడ రక్షణ తప్పనిసరి చేసింది. ఉక్కగా ఉందని ఏ పిల్లా దాన్ని తీసెయ్యకుండా చూసుకోవాలి.

ఆడపిల్లల ఆటలో బాడీ చెకింగ్, అంటే ఒంటితో గుద్ది ఆపడం, నిషేధం. అయినా రింకు చుట్టూ ఉన్న గోడకి మూడడుగుల దూరంలో తల దించుకుని పుక్ కోసం వంగిన పిల్లకి ప్రమాదమే. ఉంటే గోడకి ఆనుకుని ఉండాలి, లేదా పూర్తిగా దూరంగా ఉండాలి. మొదటి వారంలోనే ఇది నేర్పాలి.

డ్రిల్ ఏమిటో డ్రెస్సింగ్ రూంలోనే బోర్డు మీద గీసి చెప్పేయాలి. ఐసు మీద రెండు నీలి గీతలు రింకుని మూడు భాగాలు చేస్తాయి. మూడు గుంపులు, మూడు పనులు, ఏడెనిమిది నిమిషాలకో మార్పు. ఇరవైమందిని ఒకే వరసలో నిలబెడితే ఒక్కొక్కరూ స్కేట్ చేసేది పది నిమిషాలు కూడా ఉండదు.

సాయం చేయాలని ముందుకొచ్చే తెలుగు తల్లిదండ్రులకి ఒక హెచ్చరిక. హెచ్-1బీ వీసా ఉన్నది ఆ ఉద్యోగం ఇచ్చిన కంపెనీ పనికే. స్కూలు ఇచ్చే అసిస్టెంట్ కోచ్ స్టైపెండ్ చిన్నదే అయినా తీసుకోకూడదు. జీతం ఉన్న పనిని ఉచితంగా చేసినా చిక్కు రావచ్చు, లాయర్ని అడిగాకే ఒప్పుకోండి. గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొట్టడానికీ, పిల్లల్ని కారులో దింపడానికీ ఏ వీసా అడ్డురాదు.

ఆట అయ్యాక బ్లేడుని పొడిగుడ్డతో తుడిచి గుడ్డ తొడుగు వెయ్యాలి. గట్టి ప్లాస్టిక్ గార్డులు నడవడానికే. వాటిలోనే ఉంచేస్తే తడి లోపలే నిలిచి రాత్రికి రాత్రి తుప్పు పడుతుంది. బ్యాగు జిప్పు మూసి గరాజ్‌లో పడెయ్యకుండా సామాను మొత్తం తీసి ఆరబెట్టాలి.