మూడో రౌండు దాటడానికి నాలుగు నెలలు

కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షకు అనంతపురంలో సాధన మొదలుపెట్టిన కొత్తలో నాకు మూడో రౌండంటే భయం. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి, అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. మొదటి రౌండులో అందరికంటే నేనే ముందు. మూడో రౌండుకు తొడలు రాళ్లలా బిగుసుకుపోయేవి. పక్కనున్న వేపచెట్టు మొదలు పట్టుకుని నిలబడిపోయేవాణ్ణి. తిండి చాలడం లేదని అమ్మ రాగిసంగటి ముద్ద పెద్దది చేసింది. అయినా అదే మూడో రౌండు, అదే వేపచెట్టు.

ఉదయం నడకకు వచ్చే జీవశాస్త్రం లెక్చరర్ ఒకాయన కొన్నాళ్లు చూసి, "తిండి లోపం కాదు నాయనా, నీ కండకు ఆక్సిజన్ అందే వేగాన్ని మించి పరుగెత్తుతున్నావు" అన్నారు. అక్కడే అరుగు మీద కూర్చోబెట్టి చెప్పారు.

తిన్న సంగటి నేరుగా కండను కదిలించదు. అందులోని శక్తిని కణం ఏటీపీ అనే అణువులోకి మార్చుకోవాలి. కండలో ఏటీపీ నిల్వ కొన్ని సెకన్లకే సరిపోతుంది కనుక ఖర్చవుతున్న కొద్దీ మళ్లీ తయారవుతూ ఉండాలి. ముందుగా ఆదుకునేది కండలోనే నిల్వ ఉండే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం, అదీ పది సెకన్లు. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి దాన్ని కనుగొన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారని విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ఆ తర్వాత గ్లూకోజు వంతు. ఆక్సిజన్ లేకుండా ఒక గ్లూకోజు అణువును విడగొడితే కణానికి మిగిలేవి 2 ఏటీపీలు. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో పూర్తిగా దహనమైతే సుమారు 30. నేను మొదటి రౌండులోనే దూకుడుగా వెళ్లడంతో కండ ఎక్కువగా ఆ రెండు ఏటీపీల దారినే పట్టేది. ఆ దారిలో గ్లూకోజు నుంచి తయారయ్యే లాక్టేట్ పేరుకునేది, ఆమ్లత్వం పెరిగేది. లాక్టేట్ వ్యర్థమనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కానే కాదు. గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం తిరిగి గ్లూకోజుగా మారుస్తుంది. శరీరం ఇంత పొదుపరి అని నాకు తెలియదు.

మరి నిల్వ సంగతి? సార్ జేబులోంచి ఒక వేరుశనగ గింజ తీసి, కాగితం మడతలో పెట్టి బొటనవేలితో నలిపారు. నూనె మరక నెమ్మదిగా పాకింది. రేపటి మొలక కోసం గింజ దాచుకున్న శక్తి అది. గ్రాము పిండిపదార్థంలో 4 కిలోకేలరీలుంటే కొవ్వులో 9. మనం కూడా కాలేయంలో దాదాపు 100 గ్రాములు, కండల్లో 400 గ్రాముల దాకా గ్లూకోజును గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకుని, మిగిలింది కొవ్వుగా మారుస్తాం. ఎనిమిది నిమిషాల పరుగుకు గ్లైకోజెన్ ఒక్కటే కావలసినంత ఉంది. అమ్మకు ఆ మాట చెప్పాను. ముద్ద మాత్రం తగ్గించలేదు.

పద్ధతి మార్చాను. వారంలో నాలుగు రోజులు మాట్లాడగలిగేంత నిదానంగా ఐదారు కిలోమీటర్లు, రెండు రోజులు వేగంగా. ఇలా చేస్తే కండలో మైటోకాండ్రియా పెరుగుతాయని సార్ హామీ. మొదటి రెండు వారాలు ఏ తేడా లేదు. రెండో నెల చివర్లో ఒక ఉదయం వేపచెట్టును చూసుకోకుండానే దాటేశాను.

పరీక్ష రోజు మొదటి రౌండులో పదిమంది నన్ను దాటిపోయారు. పోనిచ్చాను. మూడో రౌండులో వాళ్లలో ఆరుగురు నా వెనక ఉన్నారు. 7 నిమిషాల 31 సెకన్లు.

గంట తర్వాత 100 మీటర్లకు పిలిచారు. గీత దగ్గర వంగినప్పుడు ఊపిరి కుదుటపడి ఉంది. తొడల్లో ఫాస్ఫోక్రియాటిన్ మళ్లీ నిండి ఉంటుందని తెలుసు. సుబ్బారావు గారిని ఒక్కసారి తలచుకుని, ఈల కోసం చెవులు రిక్కించాను.