అడుగుకు ముందే వినిపించిన తాళం: ఓబీఎస్‌లో శబ్దాన్నీ దృశ్యాన్నీ కలిపిన నా అనుభవం

మా అమ్మాయి కూచిపూడి రంగప్రవేశాన్ని అమెరికాలో ఉన్న మావాళ్లు కూడా చూడాలన్న కోరికతో, ప్రత్యక్ష ప్రసారం బాధ్యతను నేనే తీసుకున్నాను. వారం ముందు తెనాలిలో ఒక కల్యాణమండపంలో రిహార్సల్ పెట్టుకుని, ఓబీఎస్ స్టూడియో అనే ప్రత్యక్ష ప్రసార సాఫ్ట్‌వేర్ ద్వారా యూట్యూబ్‌లో ప్రసారం మొదలుపెట్టి, లింకును ఇంటివాళ్లకు మాత్రమే పంపాను. పది నిమిషాలు గడవకముందే న్యూజెర్సీ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, బొమ్మ బాగానే ఉంది కానీ, చిన్నదాని అడుగు పడకముందే తాళం వినిపిస్తోంది. చూసేవాళ్లకు పిల్లే తాళం తప్పుతోందనిపిస్తుంది" అంది. ఎనిమిదేళ్లు సాధన చేసిన పిల్లకు నా ఏర్పాట్ల వల్ల ఆ మాట రావడం నాకు చాలా బాధ కలిగించింది.

కారణం వెతకడానికి ఎక్కువ సమయం పట్టలేదు. కెమెరాలోని దృశ్యం హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా, కెమెరా దృశ్యాన్ని కంప్యూటర్‌కు అందించే క్యాప్చర్ కార్డు అనే పరికరానికి, అక్కడి నుంచి యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌కు చేరుతూ ప్రతి మజిలీలోనూ కొంత ఆగుతుంది. మండపంలో మైకుల శబ్దాలను కలిపే మిక్సర్ నుంచి వచ్చే శబ్దం మాత్రం దాదాపు నేరుగా వచ్చేస్తుంది. చాకిరేవులో బట్ట బండకు తగలడం ముందు కనిపించి, చప్పుడు ఆ తర్వాత వినిపించడం మనకు అలవాటే కాబట్టి శబ్దం కాస్త వెనుకబడితే మనం పట్టించుకోము. ముందుకు వస్తే వెంటనే పట్టేస్తాము. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ బీటీ.1359 సిఫారసులో శబ్దం ముందుగా వస్తే సుమారు 45 మిల్లీసెకన్ల దగ్గరే, ఆలస్యంగా వస్తే సుమారు 125 మిల్లీసెకన్ల దగ్గర మనిషి తేడాను గుర్తిస్తాడని ఉంది.

ఆలస్యంగా వచ్చే దృశ్యాన్ని తొందరపెట్టలేము కనుక శబ్దాన్నే ఆపాలి. ఓబీఎస్‌లో అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్ తెరిస్తే ప్రతి ఆడియోకూ ఎదురుగా సింక్ ఆఫ్‌సెట్ అనే గడి ఉంటుంది. అందులో ఎన్ని మిల్లీసెకన్లు వేస్తే శబ్దం అంత ఆలస్యమవుతుంది. నేను మొదట 200 వేసి చూశాను, తర్వాత 100, ఆ తర్వాత 150. పదేపదే చూసిన కన్ను సర్దుకుపోయి ఏ అంకె వేసినా సరిగ్గానే ఉందనిపించడంతో ఒక పూట వృథా అయింది. కొలవకుండా ఈ పని చేయకూడదని నాకు అప్పుడే గట్టిగా అర్థమైంది.

కొలతలోనూ మొదట పొరపాటు పడ్డాను. కెమెరా సొంత మైకు శబ్దం దృశ్యంతో కలిసే వస్తుంది కదా అని, ఆ శబ్దాన్నీ మిక్సర్ శబ్దాన్నీ వేర్వేరు ట్రాకులుగా రికార్డు చేసి, రెండు శబ్ద తరంగాల శిఖరాలను కలిపి అంకె తీశాను. అయినా అడుగు పడిన దాదాపు మూడు ఫ్రేముల (వీడియోలో సెకనుకు 60 చొప్పున వచ్చే విడి చిత్రాల) తర్వాత గాని చప్పుడు రాలేదు. కెమెరా వేదికకు 15 మీటర్ల వెనుక ఉంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక ఆ మైకును చేరడానికే 44 మిల్లీసెకన్లు పడుతోంది.

అప్పుడు నట్టువాంగం చేసే, అంటే తాళాలు వాయిస్తూ నృత్యాన్ని నడిపించే గురువుగారిని, "అయ్యా, ఒక్క ఐదు సార్లు విడివిడిగా తాళం వేస్తారా?" అని అడిగాను. ఆయన మైకుకు జానెడు దూరంలో కూర్చుని తాళాలు మోగించారు. ఆఫ్‌సెట్‌ను సున్నా చేసి, సెకనుకు 60 ఫ్రేముల చొప్పున రికార్డు చేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క ఫ్రేమే జరుపుతూ చూశాను. శబ్దం పుట్టిన చోట తాళాల మధ్య ఇంకా బెత్తెడు ఎడం ఉంది. అవి తాకింది ఎనిమిదో ఫ్రేములో. ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు కాబట్టి మొత్తం 133. ఐదింటిలో నాలుగుసార్లు ఎనిమిదే వచ్చింది, ఒకసారి తొమ్మిది. గడిలో 133 వేశాను.

కూచిపూడిలో తరంగం అనే నృత్యాంశంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలిచిన పాదాలను దగ్గరగా చూపడానికి పెట్టిన వెబ్‌క్యామ్‌తో మరో చిక్కు వచ్చింది. అది నేరుగా యూఎస్‌బీలో ఉండటం వల్ల నాలుగు ఫ్రేములే వెనుకబడుతోంది. శబ్దానికి ఉన్నది ఒక్క ఆఫ్‌సెట్ కనుక, ఒక కెమెరాకు సరిపోతే రెండోదానికి సరిపోదు. అందరికంటే నెమ్మదిగా వచ్చేదాని కోసం మిగతావన్నీ ఆగాలి. అందుకని వెబ్‌క్యామ్‌కు వీడియో డిలే ఎసింక్ అనే ఫిల్టర్ పెట్టి 67 మిల్లీసెకన్లు ఆపాను.

మర్నాడు గంటన్నర సేపు పరీక్షిస్తే, మొదట చక్కగా కలిసి ఉన్నవి నలభై నిమిషాల తర్వాత నెమ్మదిగా విడిపోయాయి. ఇది ఆఫ్‌సెట్‌తో తీరే జబ్బు కాదు, ఎందుకంటే తేడా స్థిరంగా లేదు, పెరుగుతోంది. శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి నమోదు చేయాలో చెప్పే శాంపుల్ రేటు, విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో మిక్సర్‌కు 44,100 హెర్ట్జ్ ఉండగా ఓబీఎస్‌లో 48,000 ఉంది. రెండింటినీ 48,000కు మార్చి, ఓబీఎస్‌ను మూసి తెరిచి, మళ్లీ గంటన్నర రికార్డు చేశాను. చివరి నిమిషంలో వేయించిన తాళం కూడా మొదటి తాళంలాగే ఫ్రేముకు ఫ్రేము కలిసింది.

కేబుల్ గాని, కార్డు గాని మారితే ఈ అంకెలు మారతాయి కాబట్టి, కార్యక్రమం రోజు ప్రేక్షకులు రాకముందే గురువుగారి చేత మరోసారి తాళం వేయించి సరిచూసుకున్నాను. తరంగం సాగుతుండగా చెల్లెలు మెసేజ్ పెట్టింది: "గజ్జెల చప్పుడు సరిగ్గా అడుగు మీదే పడుతోంది అన్నయ్యా."