17 నిమిషాలు వెనక్కి: నవల పని ఎక్కడిదాకా వచ్చింది

ఇది పదకొండో వారం. అనుకున్న 28 అధ్యాయాల్లో 16 చిత్తుప్రతి దశకి వచ్చాయి, మొత్తం 41,000 పదాలు. అందులో 9,000 పోయిన ఆదివారం కొట్టేశాను. ఆ కొట్టివేత కథ చెప్పుకోకపోతే మనసు ఊరుకోవట్లేదు.

కథ రెండు ముక్కల్లో: సాగర్ గడియారాలు బాగుచేస్తాడు, నందిని బాక్సర్. పద్నాలుగు అంతస్తుల భవనంలో ఇరుక్కున్నారు. ఒక కాలయంత్రం ఉంది, దాని మీట నొక్కితే ఇద్దరి మనసులూ 17 నిమిషాలు వెనక్కి పోతాయి, కానీ ఒకరి ఒంట్లోకి ఒకరు. మళ్లీ నొక్కితే ఇంకో 17 వెనక్కి, ఎవరి ఒంట్లోకి వాళ్లు.

మనిషిని ఒంటితో సహా ఎందుకు పంపలేదంటే, భూమి వల్ల. సూర్యుడి చుట్టూ అది సెకనుకి దాదాపు 30 కిలోమీటర్లు పోతుంది. 17 నిమిషాలంటే 30,000 కిలోమీటర్ల పైమాటే, అంటే భూమి వ్యాసానికి రెండింతలు దాటి. ఉన్నచోటే ఉండి కాలంలో మాత్రం వెనక్కి పోతే తేలేది శూన్యంలో. అదే అక్కడ ముందే ఒక మెదడు ఉండి, మనసు అందులో దిగితే ఈ పేచీ లేదు. మరి మనసుకి ఆ చిరునామా ఎలా దొరికిందని అడక్కండి, మూడో అధ్యాయంలో నేనూ దాటేశాను. పైగా మన పరకాయ ప్రవేశంలో ఉన్న పెద్ద తలనొప్పి కూడా తప్పింది. శంకరాచార్యులు అమరుక రాజు ఒంట్లో ఉన్నన్నాళ్లూ శిష్యులు ఆయన దేహానికి గుహలో కాపలా కాశారని కథ. ఇక్కడ ఏ ఒళ్లూ ఖాళీగా ఉండదు కాబట్టి కాపలా పాత్రలు అక్కర్లేదు.

ఇక కొట్టేసిన 9,000 పదాలు. ఉత్కంఠ కోసం ఒక నియమం పెట్టుకున్నాను: యంత్రం మళ్లీ ఛార్జ్ కావడానికి 20 నిమిషాలు. ఆరు అధ్యాయాలు దాని మీదే నడిపాను. చదివిపెట్టే స్నేహితుడు ఒకే ముక్క అన్నాడు: "యంత్రం కూడా 17 నిమిషాల క్రితంలోనే ఉంటుంది కదరా?" అంతే. 9:04కి నిండిన ఛార్జ్, 8:47కి పోతే మూడు నిమిషాల ఛార్జ్. మళ్లీ సరిగ్గా 9:04కే నిండుతుంది. అంటే వాళ్లు చచ్చేదాకా అదే 17 నిమిషాల్లో గానుగెద్దుల్లా తిరగొచ్చు. ప్రమాదమే లేదు, ఇక థ్రిల్లర్ ఏముంది!

రెండు రాత్రులు పట్టింది తేలడానికి. వెనక్కి పోయేది మనసొక్కటే కాబట్టి మూల్యం కూడా మనసే కట్టాలి. ఇప్పుడు యంత్రానికి ఛార్జ్ గొడవే లేదు, ఎన్నిసార్లయినా నొక్కొచ్చు. కానీ నొక్కినప్పుడల్లా ఒక్కొక్కరికీ ఒక్కో అంకె పోతుంది. మర్చిపోవడం కాదు, కంటికి కనబడుతుంది కానీ గీతల్లాగే ఉంటుంది. సాగర్‌కి మొదట 7 పోయింది. లిఫ్ట్ మీటల ముందు నిలబడి 6 తర్వాత 8 ఎందుకు లేదో అర్థంకాక, రెండిటి మధ్య ఉన్న మీటని వేలితో తడుముతున్న అర పేజీ, ఈ నవల మొత్తంలో నాకు నచ్చిన అర పేజీ. పేలబోయే గడియారం ఉన్న కథలో అంకెలు పోవడం కంటే ఏం కావాలి?

పట్టిక గురించి. స్ప్రెడ్‌షీట్‌లో ఆరు నిలువు వరుసలు: గడియారం సమయం, ఎన్నో జంప్, ఎవరి ఒళ్లు, ఎవరి మనసు, గాయాలు, పోయిన అంకెలు. గాయాల వరుస లేకుండా మొదలుపెట్టడం తప్పే. తొమ్మిదో అధ్యాయంలో నందిని గోరు 8:52కి ఊడింది. 9:04కి మీట నొక్కి 8:47కి వచ్చారు, నేనేమో ఇంకా రక్తం కార్పిస్తున్నాను. 8:47కి ఆ గోరు నిక్షేపంగా ఉంటుంది! సరిదిద్దుతుంటే ఇంకోటి దొరికింది: గోరు ఉంది, నొప్పి గుర్తుంది. ఆ నొప్పి గుర్తున్న నందిని సాగర్ ఒంట్లో ఉంది. తనది కాని వేలిని నోట్లో పెట్టుకుంటుంది. తప్పు దిద్దుబాటులో పుట్టిన వాక్యం అది.

ఫైట్లు ఎలా రాయాలో హెచ్.ఎమ్. అనే రోగి వల్ల తెలిసింది. మెదడు శస్త్రచికిత్స తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలవని మనిషి. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆయనతో అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించింది. రోజురోజుకీ బాగా గీశాడు, ముందు రోజు గీసినట్టు మాత్రం గుర్తులేదు. జ్ఞాపకం వేరు, చేతివాటం వేరు. అందుకని నా నియమం: జ్ఞాపకాలు మనసుతో పోతాయి, అలవాట్లు ఒంటి దగ్గరే ఉంటాయి. నందిని ఎడమచేతి వాటం బాక్సర్, నిలబడితే కుడి పాదం ముందు. ఆమె ఒంట్లో ఉన్న సాగర్ ఆలోచిస్తే ఎడమ పాదం ముందుకొస్తుంది, దెబ్బ తింటాడు. ఆలోచించడం మానేస్తే కాళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. అటు నందినికి ఎప్పుడు కొట్టాలో తెలుసు, కానీ సాగర్ ఊపిరితిత్తులు రెండు అంతస్తులకే చేతులెత్తేస్తాయి. కొలతలు కూడా అంతే. పొడవు చెయ్యి అలవాటైన సాగర్ గురి అరజానెడు తక్కువ పడుతుంది. నందిని మెట్ల కిందనుంచి వెళ్తూ నుదురు కొట్టుకుంటుంది.

ఇన్ని చెప్పాను గానీ, అన్నిటికన్నా ఏడిపించింది తెలుగు క్రియ. సాగర్ మనసు నందిని ఒంట్లో ఉంది. అద్దంలోకి "చూశాడు" అనాలా, "చూసింది" అనాలా? మొదటి ప్రతిలో మనసుని బట్టి రాశాను. పక్కన నిలబడ్డ కాపలావాడి సంభాషణ ఒంటిని బట్టి ఉండాలిగా, ఒకే పేరాలో "ఆ అమ్మాయి పారిపోయింది", "సాగర్ పారిపోయాడు" పక్కపక్కన పడ్డాయి. నాకే ఇద్దరు పారిపోయినట్టు అనిపించింది.

విరుగుడు మన భాషలోనే ఉంది. "వచ్చాను"కి ఆడా మగా లేదు. మార్పిడి జరిగిన అధ్యాయాలన్నీ "నేను"లోకి మార్చేస్తున్నాను, ఇప్పటికి నాలుగయ్యాయి. అయినా ఎక్కడో పట్టుబడతాం: "నేను భయస్తుణ్ని" అంటే గుట్టు రట్టు. అలాంటి చోట "నాకు భయం ఎక్కువ" అని తిప్పుతున్నాను. మిగతావాళ్ల నోట "వచ్చారు", "వెళ్లారు" అనే మర్యాద పెట్టేస్తే అదీ తెలీదు. పదమూడో అధ్యాయంలో మాట్లాడుతున్నది ఎవరో రెండు పేజీలు దాచగలిగాను. చివర్లో విలన్‌కి దొరికిపోయేది కూడా ఒక్క "ఒంటరిదాన్ని" వల్లే. సాగర్ గొంతులోంచి ఆ మాట వస్తుంది.

ఈ వారం పని: 14, 15 అధ్యాయాలని "నేను"లోకి మార్చడం, ఆ తర్వాత 17. దాంట్లో సాగర్‌కి 1 కూడా పోతుంది. ఎన్ని నిమిషాలు వెనక్కి వెళ్తున్నాడో యంత్రం మీద రాసే ఉంటుంది, అతను చదవలేడు. నందినిని అడగాలి. ఆమె ఆ సమయానికి నాలుగు అంతస్తుల కింద ఉంది, మెట్ల దారి మూసుకుపోయింది. ఎలా కలపాలో చూడాలి.