కాన్స్ట్ పెట్టబోతే బయటపడిన సున్నా రేటు

నెల్లూరు, ఇందుకూరుపేట వైపు గుంటల దగ్గర రొయ్యలకు రేటు కట్టేది కౌంట్‌ని బట్టి, అంటే కేజీకి ఎన్ని తూగాయన్నదాన్ని బట్టి. కౌంట్ పెరిగితే రొయ్య చిన్నదని అర్థం, రేటూ తగ్గుతుంది. ఆ లెక్కకు నేను రాసిన సి++ క్లాసులో ఉన్నది ఒక్క మ్యాప్ (కీ ఇస్తే దాని విలువ చూపే పట్టిక): కీ కౌంట్, విలువ రేటు. 30 నుంచి 100 దాకా పదేసి చొప్పున ఎనిమిది ఎంట్రీలు.

రేటు చెప్పే ఫంక్షన్ ఒక్క లైనే: రిటర్న్ రేట్లు[కౌంట్]. చదవడమే కదా అని చివర కాన్స్ట్ (ఈ ఫంక్షన్ ఆబ్జెక్ట్‌ని మార్చదన్న హామీ) తగిలిస్తే జీసీసీ కంపైలర్ 'డిస్కార్డ్స్ క్వాలిఫయర్స్' అనే ఎర్రర్‌తో ఆపేసింది. ఇంకో కంపైలర్ క్లాంగ్ అయితే కాన్స్ట్ మ్యాప్‌కు సరిపోయే [] లేదని సూటిగానే చెబుతుంది. [] తిరిగిచ్చేది రిఫరెన్స్, అంటే మ్యాప్‌లోని ఆ విలువకే మరో పేరు. కీ లేకపోతే దేనికి రిఫరెన్స్ ఇవ్వాలి? అందుకే ఆ కీని తానే చేర్చి, సున్నా పెట్టి ఇస్తుంది. 37 కౌంట్ రేటు అడిగిన పాపానికి తొమ్మిదో ఎంట్రీ పుట్టింది.

కాన్స్ట్ అడ్డు తప్పించడానికి మ్యాప్‌ని మ్యూటబుల్ చేసినా, కాన్స్ట్_కాస్ట్ వాడినా, జీసీసీకి ఎఫ్‌పర్మిసివ్ ఆప్షన్ ఇచ్చినా ఎర్రర్ పోతుంది. సున్నా మాత్రం పోదు.

వాడాల్సింది ఫైండ్. కీ దొరక్కపోతే ఎండ్ (చివరి ఎంట్రీ తర్వాతి స్థానం) ఇస్తుంది, మ్యాప్‌ని ముట్టుకోదు. ఇక్కడ ఇంకో ఎర్రర్ తగిలింది: కాన్స్ట్ ఫంక్షన్‌లో ఫైండ్ ఇచ్చేది కాన్స్ట్_ఇటరేటర్ (మ్యాప్‌లో స్థానాన్ని చూపేది, దానితో విలువ మార్చలేం), నేను ఇటరేటర్ అని టైపు రాశాను. ఆటో అని రాస్తే టైపు కంపైలరే తేల్చుకుంటుంది, ఆ గొడవే లేదు. కీ లేకపోవడం నిజంగా తప్పే అయితే సి++11లో వచ్చిన యాట్ చాలు, అవుట్_ఆఫ్_రేంజ్ ఎక్సెప్షన్ విసురుతుంది. కౌంట్‌తో చూసి మళ్లీ యాట్‌తో తీసేవాళ్లున్నారు. పనిచేస్తుంది, కాకపోతే రెండుసార్లు వెతకడం. (ఆ కౌంట్ మ్యాప్ ఫంక్షన్, రొయ్యల కౌంట్ కాదు.)

నా పనికి చివరికి కుదిరింది లోయర్_బౌండ్. అదీ కాన్స్ట్‌లో నడుస్తుంది. 37 అడిగితే దానికి తగ్గని మొదటి కీ 40 వస్తుంది, ఆ రేటే కట్టాలన్నది నేను పెట్టుకున్న నియమం. 28 అడిగినా 30 రేటే వస్తుంది, కాబట్టి పెద్ద రొయ్యకు 30 కన్నా తక్కువ కీతో ఎంట్రీ విడిగా ఉండాలి. 100 దాటితే ఎండ్ వస్తుంది; చూసుకోకుండా దాని విలువ తీయకూడదు. అందుకే రిటర్న్ టైపు సి++17 ఆప్షనల్ (విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు) చేశాను, లేని రేటు సున్నాగా బయటికి రాదు.

అయితే కాన్స్ట్ కాని ఫంక్షన్‌లో చదవడానికి వాడిన [] ఒక్కటి మిగిలినా ముప్పే. అది 37కు సున్నా చేర్చిందంటే, ఆపైన 31 నుంచి 37 దాకా ఏది అడిగినా లోయర్_బౌండ్ ఆ సున్నానే పట్టుకొస్తుంది. ఇప్పుడు రేటు పెట్టే ఫంక్షన్‌లో కూడా [] తీసేసి ఇన్సర్ట్_ఆర్_అసైన్ (కీ లేకపోతే చేర్చేది, ఉంటే విలువ మార్చేది) రాశాను.